ఇంకా కింద పడని బంతి

హార్లన్ ఫెర్రీ ఊళ్ళో ఆడవాళ్ళు బట్టలు ఆరేసే ముందు తలెత్తి ఆకాశం చూస్తారు. వాన కోసం కాదు. ఆ ఏడాది, అంటే 1988లో, వాన అన్న మాటే అయోవా రాష్ట్రం మరిచిపోయింది. మొక్కజొన్న మోకాలెత్తునే ఎండిపోయి గాలికి కాగితాల్లా గలగలలాడుతోంది. వాళ్ళు చూసేది బంతుల కోసం. తడి దుప్పటికి క్లిప్పులు పెడుతుండగా పైనించి బేస్‌బాల్ బంతి వచ్చి నెత్తిన పడితే, దాన్ని కొట్టినవాడు ఎంత గొప్పవాడైనా బొప్పి మాత్రం బొప్పే.

ఆగస్టు ఇరవై రెండు, సోమవారం పొద్దున్న, ఆర్డిత్ వోంద్రాచెక్ కూడా అలాగే ఒకసారి పైకి చూసి బట్టల బుట్ట కింద పెట్టింది. ఆవిడకి అరవై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు గుండీల ఫ్యాక్టరీలో కూర్చుని, నదిలోంచి తీసిన ఆల్చిప్పలకి చిల్లులు పొడిచింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మిషను అక్కడే ఉండిపోయింది గాని, చిల్లులు పొడిచే పని ఆవిడ నాలుక తీసుకుంది.

ఆవిడ ఇల్లు బేస్‌బాల్ మైదానం కుడి గోడకి రెండు వీధుల అవతల. ఇంటి పైకప్పుకి పదకొండు అతుకులు.

మా ఊరి మైదానంలో గోడ దాటిన బంతి వెంటనే కిందికి రాదు. ఎందుకని ఎవరూ అడగరు, నది దక్షిణానికే ఎందుకు పారుతుందని అడుగుతామా? మామూలు ఆటగాడు కొట్టింది సాయంత్రం భోజనాల వేళకి దిగుతుంది. చెయ్యి తిరిగినవాడిది రెండు మూడు రోజులు ఉంటుంది. అసలైనవాడిదైతే చెప్పలేం. 1951లో ఒక బక్కపలచటి కుర్రాడు కొట్టిన బంతి పదకొండేళ్ళు పైనే ఉండి, లూథరన్ చర్చి వాళ్ళ విందులో బంగాళాదుంపల సలాడ్ గిన్నెలో పడింది. ఆ పదకొండేళ్ళూ అతను పెద్ద లీగులో ఆడుతూనే ఉన్నాడు. బంతి పడ్డ వారంలోనే ఆట మానేశాడు.

అందుకని మా అంపైర్లు ప్రతి బంతి మీదా ఆట తేదీ సిరాతో రాస్తారు. బంతి ఎవరి పెరట్లో పడితే వాళ్ళు దాన్ని మార్విన్ హోల్ట్‌కాంప్ దుకాణానికి పట్టుకెళ్ళాలి. మార్విన్ గేలాలూ ఎర పురుగులూ అమ్ముతాడు. వాటి పక్కనే ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. ఎవరి బంతి ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది అన్నీ అందులో ఉంటాయి. మార్విన్ తన పిల్లల పుట్టినరోజులు మరిచిపోతాడు గాని అవి మరిచిపోడు.

ఆ పుస్తకంలో ఆ వేసవి అందరి కళ్ళూ ఒక్క వరస మీదే ఉన్నాయి. "ల్యానీ తిబోడో. జూన్ 17. ఇంకా పడలేదు."

*

ల్యానీకి పద్దెనిమిదేళ్ళు. లూయిసియానా బురద నేలల్లోంచి వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, గుమ్మాలన్నిటికీ తల కొట్టుకునే రకం. ఏటా జూన్‌లో పెద్ద జట్లవాళ్ళు కూర్చుని దేశంలో ఉన్న కుర్రాళ్ళందర్నీ వరసపెట్టి ఏరుకుంటారు కదా, ఆ డ్రాఫ్టులో ఆ ఏడాది పన్నెండోవాడుగా ఏరుకున్నారు వీణ్ణి. బంతిని దూరం కొట్టడంలో వీడి వయసువాళ్ళలో వీడికి సాటివాడు లేడన్నారు. ఏరుకుని, రాటుదేలమని మా చిన్న జట్టుకి పంపారు. మా జట్టు పేరు మస్క్‌రాట్స్. నీటి ఎలుకలు. నవ్వేవాళ్ళు నవ్వచ్చు.

జట్టు కుర్రాళ్ళకి మా ఊరి ఇళ్ళే బస. వేసవి రాగానే ఒక్కో ఇల్లు ఒక్కొక్కణ్ణి తెచ్చుకుంటుంది. ల్యానీ ఆర్డిత్ ఇంటి మేడగదికి వచ్చాడు. వచ్చిన రోజే ఆట. ఆ ఆటలో తనకి వేసిన మొదటి బంతినే కొట్టాడు. ఆ చప్పుడు విని నది మీద పడవవాడు ఇంజను ఆపేశాడట. బంతి గోడ దాటింది, గుండీల ఫ్యాక్టరీ పొగగొట్టం దాటింది, ఇక కనపడలేదు. వారం గడిచింది, నెల గడిచింది. బంతి రాలేదు. ఊరి ఛాతీ ఉబ్బిపోయింది.

ఉబ్బిన ఛాతీల్ని ఏం చేసుకోవాలి? జూలై మధ్యకి వచ్చేసరికి ల్యానీ బ్యాటు పట్టుకుని దీపస్తంభంలా నిలబడిపోవడం మొదలెట్టాడు. మూడు మంచి బంతులు పక్కనించి వెళ్తాయి, అంపైరు అవుటని చెయ్యెత్తుతాడు, వీడు తలొంచుకుని వెనక్కి నడుస్తాడు. రోజూ అదే.

*

ఆ సోమవారం మధ్యాహ్నం ఆటకి మూడో బేస్ వెనక చెక్క బెంచీల మీద ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. మధ్యలో ఆర్డిత్, ఒళ్ళో స్కోరు పుస్తకం. ఎడమపక్క మార్విన్. కుడిపక్క డ్వేన్ స్టూబర్. ఇరవై ఏళ్ళు పాల లారీ తోలినవాడు, ఆ ఇరవై ఏళ్ళూ హైస్కూలు ఆటలకి అంపైరుగా నిలబడ్డవాడు, తనకి తెలియనిది దేవుడికి కూడా తెలియదనుకునేవాడు.

"ఆ నడుం చూడు డ్వేన్," అన్నాడు మార్విన్. "ఆ మణికట్లు చూడు. ఇంకో మూడేళ్ళలో వీడు ఏటా నలభై బంతులు గోడ దాటిస్తాడు. రాసిపెట్టుకో."

"నడుముంటే ఏం లాభం, ఊపితే కదా! మా ఇంటి ముందు పోస్టుడబ్బా కూడా అంతే లావు. అదీ కదలదు." డ్వేన్ పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఊశాడు. "వీడికి వంపు బంతి కనపడదు. అందుకే కొయ్యబారిపోతున్నాడు. ఇలాంటివాళ్ళని నేను వందమందిని చూశాను."

"వందమంది బంతులు అరవై ఆరు రోజులు పైన ఉన్నాయేంటి? ఇవాళ్టికి అరవై ఆరు! నా పుస్తకంలో అరవై దాటినవాళ్ళు తొమ్మిదిమందే."

"ఆ తొమ్మిదిమందిలో పెద్ద లీగు మొహం చూసింది నలుగురు. మిగిలిన ఐదుగురిలో ఒకడు నా ఇన్సూరెన్సు ఏజెంటు. వాడి బంతి డెబ్బై నాలుగు రోజులుంది. ఇప్పుడు వాడు నా లారీకి ప్రీమియం పెంచుతున్నాడు."

"నీ లారీ నువ్వు తోలిన తీరుకి పెంచక ఏం చేస్తాడు?" అంది ఆర్డిత్ తలెత్తకుండా. "మీరిద్దరూ కాస్త నోళ్ళు కట్టుకోండి. జన్మలో ఒక్క వంపు బంతికి బ్యాటు తగిలించలేదు మీరు. తగిలించలేకపోవడం నా కళ్ళతో చూశాను."

మార్విన్ నవ్వేశాడు. డ్వేన్ నవ్వలేదు. ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"జట్టు బస్సు డ్రైవరు చెప్పాడు. శనివారం పెద్ద జట్టు మనిషి కెస్లర్ వస్తున్నాడు. ఈ కుర్రాడి చెయ్యి బలమైంది కదా, గోడ దగ్గర్నించి విసిరితే నేరుగా వికెట్‌కీపర్ చేతిలో పడుతుంది. వీణ్ణి బంతులు వేసే పిచర్ని చేసేద్దామని అనుకుంటున్నారట. శనివారం ఆట చూసి ఆ మాట ఖాయం చేస్తాడు."

అతను క్యాచర్ అనబోయి వికెట్‌కీపర్ అన్నాడు. కిందటేడు వాళ్ళ వీధిలోకి ఒక ఇంగ్లండువాడు వచ్చి చేరాడు, అతని క్రికెట్ మాటలు అంటుకున్నాయి. ఇంకో రోజైతే ఆర్డిత్ దానికి ఓ చిల్లు పొడిచేది. ఇప్పుడు పట్టించుకోలేదు.

"పిచర్ని చేస్తే?" అంది.

"చేస్తే ఏముంది, బ్యాటు లాగేసుకుంటారు. ఈ లీగులో పిచర్ బ్యాటు పట్టుకోడు కదా. జీవితంలో మళ్ళీ పట్టుకోడు."

"కెస్లర్‌కి నా పుస్తకం చూపిస్తాను," అన్నాడు మార్విన్. "అతను ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాడు, మన లెక్క తెలుసు. బంతి ఇంకా పైనే ఉందంటే తీసిపారెయ్యలేడు. మన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే."

సరిగ్గా అప్పుడే ల్యానీ బ్యాటింగుకి వచ్చాడు. ఒక బంతి వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది. మూడోది నడుం ఎత్తున, వెన్నపూసలా, నన్ను కొట్టు నాయనా అని బతిమాలుకుంటూ వచ్చింది. వీడు కదల్లేదు. అంపైరు చెయ్యెత్తాడు.

ఆర్డిత్ వాడి గడిలో కె అక్షరం రాసింది. బ్యాటు ఊపి తప్పితే కె మామూలుగా రాస్తారు. ఊపకుండా నిలబడి అవుటైతే అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తారు. ఆవిడ తిరగేసి రాసింది.

*

సాయంత్రం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఆవిడ స్కోరు పుస్తకం వెనక్కి తిప్పింది. జూలై పదిహేను నుంచి ల్యానీ గడులన్నీ వేలితో చూసుకుంటూ వచ్చింది. ముప్ఫై తొమ్మిదిసార్లు అవుట్. అందులో ముప్ఫై ఆరు తిరగేసిన కె లు.

వంపు బంతి కనపడనివాడు బ్యాటు ఊపి తప్పుతాడు. వీడు తప్పడం లేదు. వీడు అసలు ఊపడమే లేదు. చెత్త బంతులు వదిలేస్తున్నాడు, మంచివీ వదిలేస్తున్నాడు. అంటే అన్నీ కనపడుతున్నాయి. డ్వేన్ స్టూబర్ అంపైరుగా నిలబడ్డ ఇరవై ఏళ్ళూ హార్లన్ ఫెర్రీ పిల్లలకి ఎంత అన్యాయం జరిగిందో ఆవిడకి ఆ క్షణంలో అర్థమైంది.

కిటికీలోంచి చూసింది. ల్యానీ చెత్తడబ్బా వీధి చివరికి మోసుకెళ్తున్నాడు. దారి మధ్యలో ఆగాడు. తలెత్తి ఆకాశం చూశాడు. మెడ కొంచెం ఎడమకి వంచి.

ఆర్డిత్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

ఆ వంపు ఆవిడకి తెలుసు. ముప్ఫై ఆరేళ్ళు పక్కన పడుకున్న మెడ అది. ఆవిడ భర్త ఎల్మర్ 1947లో, పెళ్ళికి ముందు, ఇదే మైదానంలో పెద్ద జట్టువాళ్ళు పెట్టిన పరీక్షలో ఒక బంతి గోడ దాటించాడు. వాళ్ళు రమ్మన్నారు. ఎల్మర్ ఏమన్నాడు? బంతి పడనివ్వండి, నా విలువ ఎంతో తేలనివ్వండి, అప్పుడు వస్తాను అన్నాడు. బంతి పడలేదు. ఎల్మర్ వెళ్ళలేదు. ఫ్యాక్టరీ ఆటల్లో కూడా బ్యాటు ముట్టుకోలేదు. ఇంకో బంతి కొడితే, అది భోజనాల వేళకి పడితే? ఆ భయంతో మనిషి గుండీలు పాలిష్ చేసుకుంటూ, గడ్డి కోస్తూ కోస్తూ ఆగి పైకి చూసుకుంటూ బతికి, 1983లో పోయాడు. బంతి ఇంకా పైనే ఉంది. మార్విన్ పుస్తకంలో అందరికంటే పాత వరస అదే. ఊరు దాన్ని గొప్పగా చెప్పుకుంటుంది. ఆర్డిత్ చెప్పుకోదు.

ల్యానీ లోపలికి రాగానే ఆవిడ కుర్చీ చూపించి, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి పై ముక్క ముందు పెట్టింది. "కూర్చో. పై తిను. తింటూ నేనడిగినదానికి నిజం చెప్పు."

"అలాగే మేడమ్." దక్షిణాది పిల్లలకి మర్యాద ఎక్కువ.

"నీకు బంతి కనపడుతోందా లేదా?"

"కనపడుతోంది మేడమ్. కుట్లు కూడా కనపడతాయి."

"మరి చచ్చినట్టు నిలబడతావేం?"

వాడు ఫోర్కుతో పై ముక్కని నాలుగు చేశాడు, ఎనిమిది చేశాడు, తినలేదు.

"ఆ బంతి పైన ఉంది కదా మేడమ్. ఊరంతా దాని మాటే. మంగలి దుకాణంలో, చర్చిలో, రోడ్డు మీద. ఇప్పుడు నేను ఇంకోటి కొట్టాననుకోండి. అది సాయంత్రానికే పడిపోయిందనుకోండి. అప్పుడు మొదటిది గుడ్డిదెబ్బ అంటారు. నిలబడితే... నిలబడితే ఇంకా ఎవరికీ తెలియదు కదా."

"శనివారం కెస్లర్ వస్తున్నాడు. తెలుసా?"

"తెలుసు."

"బ్యాటు లాగేసుకుంటాడు. అది కూడా తెలుసా?"

వాడు ఫోర్కు కింద పెట్టాడు. "అయిదేళ్ళప్పటినించీ కొడుతున్నాను మేడమ్. మా అక్కలు సీసా మూతలు విసిరేవాళ్ళు, నేను చీపురుకర్రతో కొట్టేవాణ్ణి. నాకు ఇంకేం రాదు. బడిలో కూడా ఏం రాలేదు. కానీ అక్కడ నిలబడగానే చేతులు రావడం లేదు."

ఆర్డిత్ ఎల్మర్ సంగతంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ తియ్యగా చెప్పలేదు. వాడు మర్యాదగా విన్నాడు. విని, "కానీ ఆయనది నలభై ఒక్క ఏళ్ళుగా పైనే ఉందంటే ఎంత గొప్పవాడో కదా మేడమ్," అన్నాడు.

ఆవిడకి గిన్నెలన్నీ తీసి గోడకేసి కొట్టాలనిపించింది. మాటలకి లొంగే జబ్బు కాదిది. ఊరంతా కలిసి అంటించారు, ఒక్కర్తి నోటితో ఊదితే పోతుందా?

*

శనివారం పొద్దున్న ఆరున్నరకి పెరట్లో ఏదో పగిలిన చప్పుడైంది. ఆర్డిత్ చెప్పులు లేకుండానే పరుగెత్తింది. పిట్టలు నీళ్ళు తాగే సిమెంటు తొట్టి రెండు ముక్కలై ఉంది. ముక్కల మధ్య బంతి.

తీస్తే చల్లగా ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసినట్టు. తోలు మీద సన్నగా మంచు పట్టి ఉంది. బొటనవేలితో తుడిచింది. సిరా అక్షరాలు కనిపించాయి. జూన్ 17.

నిలబడ్డ చోటే వేళ్ళ మీద లెక్కపెట్టింది. డెబ్బై ఒక్క రోజులు.

డెబ్బై ఒక్క రోజులంటే మార్విన్ పుస్తకంలో ఏమిటో ఆవిడకి తెలుసు. మంచివాడే. ఎక్కడో మధ్య మెట్టు దాకా ఎక్కుతాడు. ఆ తరవాత బడిలో డ్రిల్లు మాస్టారు. లేకపోతే డ్వేన్ ఇన్సూరెన్సు ఏజెంటు. కెస్లర్‌కి చూపించడానికి ఉన్న ఒక్క సాక్ష్యం ఆవిడ అరచేతిలో కరుగుతోంది.

రూబార్బ్ మడి పక్కనే ఉంది. నేల ఎండి గట్టిగా ఉంది గాని, పలుగు ఉంది. గొయ్యి తియ్యడానికి అయిదు నిమిషాలు. బంతి ఇంకా పైనే ఉందని మార్విన్ కెస్లర్‌తో చెబుతాడు. అది అబద్ధమని మార్విన్‌కి కూడా తెలియదు. కెస్లర్ ఇంకో ఏడాది గడువిస్తాడేమో. ఇచ్చి? వీడు ఆ ఏడాదంతా మెడ ఎడమకి వంచుకుని తిరుగుతాడు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. గుడ్లు వేయించింది. రొట్టె కాల్చింది. పళ్ళెంలో రెండు గుడ్లు, రెండు రొట్టె ముక్కలు, మధ్యలో బంతి పెట్టింది.

ల్యానీ కళ్ళు నలుపుకుంటూ మెట్లు దిగి, గుమ్మానికి తల కొట్టుకుని, వచ్చి కూర్చున్నాడు. పళ్ళెం చూశాడు.

"పడిందా?"

"పడింది. నా పిట్టల తొట్టి పగలగొట్టింది. నువ్వే బాగుచేసి పెట్టాలి."

వాడు బంతి తీసి తేదీ చూశాడు. పెదాలు కదిలాయి, వాడూ లెక్క పెట్టుకుంటున్నాడు. "డెబ్బై ఒకటి."

"డెబ్బై ఒకటి."

"అంతేనా?"

"అంతే. దేవుడి బంతి కాదు, మనిషి బంతి. గుడ్లు చల్లారిపోతున్నాయి."

ఏడుస్తాడనుకుంది. వాడి భుజాలు కదిలాయి. తలెత్తితే నవ్వుతున్నాడు. రెండు నెలల్లో ఆవిడ ఆ పళ్ళు చూడలేదు. వాడు రెండు గుడ్లూ తిన్నాడు, ఇంకో రెండు అడిగాడు, అవీ తిన్నాడు. రూబార్బ్ పై ఏమన్నా మిగిలిందా అన్నాడు.

"ఈ బంతి ఏం చేద్దామనుకుంటున్నావు?" అంది ఆర్డిత్. "పాతిపెట్టమంటే పాతిపెడతాను. నీ ఇష్టం. నేను నోరు విప్పను. నేను నోరు విప్పనని ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పకు, నవ్వుతారు."

వాడు బంతి జేబులో వేసుకున్నాడు. "మార్విన్‌గారికి ఇవ్వాలి కదా మేడమ్. ఊరి పద్ధతి."

*

రెండింటికి ఆట. కెస్లర్ గడ్డి టోపీ పెట్టుకుని వచ్చి, మార్విన్ పక్కన కూర్చున్నాడు. మార్విన్ ఉతికిన చొక్కా వేసుకుని, పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"చూడండి సార్, ఇదిగో ఈ వరస. ఇవాళ్టికి డెబ్బై ఒక్క రోజులు, ఇంకా..."

"మార్విన్‌గారూ!" ల్యానీ కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపి బంతి అందించాడు. "పొద్దున్న ఆరున్నరకి పడింది. ఆర్డిత్ మేడమ్ పెరట్లో. రాసుకోండి."

బెంచీల మీద తలలన్నీ అటు తిరిగాయి. గింజలు నమలడం కూడా ఆగిపోయింది. మార్విన్ మొహం ఇల్లు కాలినవాడి మొహంలా ఉంది. బంతి అటూ ఇటూ తిప్పాడు, తేదీ తప్పేమోనని. తేదీ తప్పు కాదు.

"ఈ కుర్రాడు ఇంత గట్టిగా మాట్లాడగలడా?" అన్నాడు డ్వేన్.

కెస్లర్ తన చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మొదటిసారి ల్యానీ బ్యాటింగుకి వచ్చినప్పుడు, మొదటి బంతికే ఊపాడు. తప్పాడు. రెండోదానికి ఇంకా గట్టిగా ఊపాడు, తప్పాడు. మూడోదానికి ఎంత గట్టిగా ఊపాడంటే హెల్మెట్ ఎగిరిపోయి, మనిషి గిర్రున తిరిగి దుమ్ములో కూర్చుండిపోయాడు. అవుట్.

ఆర్డిత్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"అవుటైతే చప్పట్లేంటి?" అన్నాడు డ్వేన్.

ఆవిడ స్కోరు పుస్తకం అతని ముక్కుకి ఆనించింది. "చూడు. కె. నిటారుగా. ముందు పేజీలు తిప్పి చూడు, ఇలాంటిది ఎక్కడుందో. ఇరవై ఏళ్ళు అంపైరు వెలగబెట్టావు, వాడు ఊపడం లేదో, ఊపి తప్పుతున్నాడో ఆ మాత్రం తేడా తెలియలేదు నీకు!"

డ్వేన్ పేజీలు తిప్పాడు. ఒకటి, రెండు, పది. కెస్లర్ కూడా మెడ సాచి చూశాడు. "ఒక్కసారి ఇలా ఇస్తారా?" అని పుస్తకం తీసుకున్నాడు. చాలాసేపు ఇవ్వలేదు.

రెండోసారి ల్యానీ కొట్టింది గాల్లోకే లేవలేదు. మనిషి ఎత్తున, తాడు లాగినట్టు వెళ్ళి కుడి గోడకి తగిలింది. రేకు ప్రకటన బోర్డు సొట్టపోయింది. బంతి అక్కడికక్కడే, అందరి కళ్ళముందే నేల మీద పడింది. ల్యానీ రెండో బేస్ మీద నిలబడి, పడ్డ బంతిని చూస్తూ నవ్వాడు. పడినా ఏమీ కాలేదు. ఆకాశం ఆకాశంలాగే ఉంది, తను రెండో బేస్ మీద ఉన్నాడు.

"వంపు బంతి," అన్నాడు డ్వేన్ నెమ్మదిగా. "అది వంపు బంతి."

"కనపడిందన్నమాట నీకు. సంతోషం," అంది ఆర్డిత్.

ఎనిమిదో ఇన్నింగ్సులో ల్యానీ మూడోసారి బ్యాటింగుకి వచ్చాడు. పిచర్ రెండు బంతులు బయటికి వేశాడు, ల్యానీ వదిలేశాడు. మూడోది లోపలికి వచ్చింది. ఆ చప్పుడు రాగానే, జూన్ నెలలో అది విన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. నది మీద పడవ ఇంజను ఆగింది. బంతి గోడ దాటింది, పొగగొట్టం దాటింది. తెల్లచుక్కై, అది కూడా కాకుండా పోయింది.

మార్విన్ చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళింది. గడియారం తీశాడు. పెన్సిల్ నాలిక మీద తడి చేసుకున్నాడు. "నాలుగుంబావు దాటి..."

ఆర్డిత్ తన అరచెయ్యి గడియారం మీద పెట్టి మూసేసింది.

"వదులు మార్విన్."

"రాసుకోవాలి కదా ఆర్డిత్. ఊరి పద్ధతి."

"ఎల్మర్‌ది నలభై ఒక్క ఏళ్ళు రాశావు. రాసి నువ్వేం సంపాదించావు, నేనేం సంపాదించాను? ఆ పిల్లాడు పరుగెడుతున్నాడు, వాణ్ణి చూడు. పైకి చూడకు."

మార్విన్ ఆవిడ మొహం చూశాడు. తరవాత కింద చూశాడు. ల్యానీ బేసుల చుట్టూ పరుగెడుతున్నాడు. తల దించుకుని, మెడ తిన్నగా, కాళ్ళకింద దుమ్ము లేస్తుండగా. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. మార్విన్ పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

కెస్లర్ స్కోరు పుస్తకం ఆర్డిత్ ఒళ్ళో పెట్టాడు. "మంచి చెయ్యి," అన్నాడు, గుండ్రంగా రాసిన ఆ అంకెల్ని ఉద్దేశించి. టోపీ సర్దుకుని లేచాడు. "కుర్రాడి దగ్గర బ్యాటు ఉండనివ్వండి. మాకు పిచర్లు ఇంకెవరైనా దొరుకుతారు."

డ్వేన్ గింజలు ఊసి, "నేను మొదటినించీ అదే చెప్తున్నాను," అన్నాడు.

*

సీజను అయిపోయింది. ల్యానీ పిట్టల తొట్టికి సిమెంటు పూసి, అతుకు మీద వేలితో తన పేరు రాసి, ఫ్లోరిడాలో శిక్షణ శిబిరానికి బస్సెక్కాడు. వాడు ఆ శనివారం కొట్టిన బంతి గురించి ఊళ్ళో మాట్లాడుకున్నారు, కానీ ఎన్నో రోజని ఎవరూ లెక్క చెప్పలేదు. చెప్పడానికి పుస్తకంలో వరస లేదు. ఇప్పుడు మార్విన్, డ్వేన్ వాదించుకునేది వాడు ఏటా నలభై కొడతాడా ముప్ఫై ఐదా అని. ముప్ఫై ఐదు కంటే తక్కువ మాట డ్వేన్ నోట రాదు.

అక్టోబరు చివర్లో వాన పడింది. మర్నాడు ఎండ కాస్తే ఆర్డిత్ దుప్పట్లన్నీ తీసి ఉతికింది. దండెం మీద రెండోది వేస్తుండగా గాలిలో ఈల వేసినట్టు చప్పుడైంది. రెండు దుప్పట్ల మధ్య, తడి గడ్డిలో, ఏదో మెత్తగా పడింది.

వంగి తీసింది. చల్లగా ఉంది. చుట్టూ మంచు గడ్డకట్టి, తోలు పాతదో కొత్తదో కూడా తెలియడం లేదు. ల్యానీ ఆగస్టులో కొట్టిందై ఉండచ్చు. ఎల్మర్ 1947లో కొట్టిందై ఉండచ్చు. తుడిస్తే తేలిపోతుంది.

ఆవిడ బొటనవేలు తోలు దాకా వెళ్ళి ఆగింది. మంచు కింద సిరా మసగ్గా కనపడుతున్న వైపుని అరచేతిలోకి తిప్పుకుని, వేళ్ళు మూసేసింది. ఇలాంటి బంతి కోసం ఒక మనిషి మెడ ముప్ఫై ఆరేళ్ళు వంగింది. ఇక చాలు.

పక్కింటివాళ్ళ కుక్క కంచె మీద ముందు కాళ్ళు వేసి తోక ఊపుతూ చూస్తోంది.

"ఏం చూస్తావే, పట్టు," అని ఆర్డిత్ బంతిని దాని పెరట్లోకి విసిరింది. బాగా విసిరింది, అరవై ఆరేళ్ళ చేతికి. అది పట్టుకుని వెనక్కి చూడకుండా పారిపోయింది.

ఆవిడ మూడో దుప్పటి తీసింది. పైకి చూడకుండా ఆరేసింది.